పెరడంతా నాపరాళ్ళేనా?

మార్చి సగం దాటిందంటే చాలు, మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో నీళ్ళ గిన్నెల ఫోటోలు మొదలవుతాయి. 20వ తేదీ పిచ్చుకల దినోత్సవం కూడానాయె, ఆ రోజు ఇక చెప్పనక్కర్లేదు. మేడ మీద పిట్టగోడ, దాని మీద మట్టి మూకుడు, మూకుట్లో నీళ్ళు, పక్కన గుప్పెడు బియ్యం. కింద వరసగా దణ్ణాలు పెట్టే బొమ్మలు. మంచి పనే, వెక్కిరించడం లేదు. నేనూ పెడతాను. కాకపోతే నాకో అలవాటుంది, ఆ ఫోటోల్లో మూకుడి చుట్టుపక్కల ఏముందో చూస్తాను. టైల్సు, గచ్చు, ప్రహరీగోడ, కారు. పిడికెడు మట్టి ఎక్కడా కనపడదు. ఆ నీళ్ళు తాగిన పిట్ట తన పిల్లలకి మేత ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలో ఎవరూ అడగరు.

ఈ ఎండాకాలం ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చి కూర్చుంది.

మాది పల్నాడు, రెంటచింతలకి అట్టే దూరం లేని ఊరు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మాకు వార్తేం కాదు. ఇంటి వెనక ఎనిమిది సెంట్ల పెరడు. ఓ పాత వేపచెట్టు, జామ, మునగ, కరివేపాకు, మందారాలు, వాడని బావి, బట్టలుతికే బండ, ఓ మూల ఎరువుగుంట. హైదరాబాదులో ఉండే మా బావగారు సెలవలకి పిల్లల్ని తీసుకుని వచ్చినప్పుడు భోజనాల దగ్గర అన్నారు, పెరడంతా చదును చేసి నాపరాళ్ళు పరిపిద్దాం, ఖర్చు నాది అని. రాయి మాచర్ల నుంచి వస్తుంది, మా వైపు అదేమంత ఖరీదు కాదు. వేళ్ళు రాళ్ళని పైకి లేపుతాయి కనుక వేపచెట్టు కూడా కొట్టించేద్దామన్నది దాని వెనక తోక.

ఆయన చెప్పిన కారణాలు కొట్టిపారేసేవి కావు. అత్తయ్యకి డెబ్భై నాలుగేళ్ళు. పోయిన వానాకాలం బండ దగ్గర బురదలో జారి పడ్డారు. ఎముక విరగలేదు గానీ నెల రోజులు చేతికి కట్టుతో ఉన్నారు. ఈ ఏప్రిల్లో బావి గట్టు పక్కన ఆరడుగుల పాము కనపడింది. పిల్లలు అప్పుడు అక్కడికి పదిగజాల్లో ఆడుకుంటున్నారు. అలాంటప్పుడు "పిట్టలు పాపం" అంటే ఏ తల్లీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. మా తోటికోడలు మొహం చూశాక ఆ పూట నేనూ నోరెత్తలేదు.

కానీ ఆ పెరట్లో ఏడాది పొడుగునా ఉండేది నేను. ఊడ్చేది నేను, వేపాకు రాలే రోజుల్లో పూటకో గంప ఎత్తేది నేను. వంటింటి వెనక కిటికీలోంచి రోజుకి నాలుగైదు గంటలు నాకు కనిపించేది అదే. కాబట్టి దాని గురించి మాట్లాడే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటున్నాను. అక్కడ ఎవరెవరు కాపురముంటున్నారో ముందు చెప్తాను, ఆ తర్వాత రాళ్ళ సంగతి.

ఇంకా చీకటి విడవకముందే మొదలుపెట్టేది పసుల పోలిగాడు. నల్లటి ఒళ్ళు, చీలిన తోక. గేదె వీపు మీదెక్కి ఊరేగేది ఇదే. మా కరెంటు తీగ మీద కూర్చుని, కింద లేచిన పురుగుని గాల్లోనే పట్టుకుని మళ్ళీ అదే చోటికి వచ్చి వాలుతుంది. పిడికెడు పిట్ట, తన గూటి వైపు కాకి వచ్చిందంటే నెత్తిమీద పొడుస్తూ వీధి చివరిదాకా తరిమి వస్తుంది. మా ఆయన దీన్ని "మన ఎస్సైగారు" అంటారు.

ఆరింటికి బూడిదరంగు పిట్టల గుంపు దిగుతుంది. ఆరో ఏడో, ఎప్పుడు చూసినా కలిసే ఉంటాయి. ఇంగ్లీషులో వీటిని సెవెన్ సిస్టర్స్ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గాని ఉమ్మడి కుటుంబంలో వంటిల్లు చూసినవాళ్ళే అయ్యుండాలి. ఒకటి గొడవ మొదలుపెడితే కారణం తెలియకుండానే మిగతావన్నీ అందుకుంటాయి. అవి చేసే పని ఒకటే. వేపచెట్టు కింద రాలిన ఆకుల్ని ముక్కుతో ఒక్కొక్కటే తిరగేసి కింద ఏముందో చూస్తాయి. ఎండుటాకు కింద చెదలుంటాయి, సాలీళ్ళుంటాయి, పేరు తెలియని పురుగులు సవాలక్ష ఉంటాయి. నేను చీపురుతో అద్దంలా ఊడ్చిన వైపు అవి వాలవు. ఇది చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. అందుకని చెట్టు కింద ఓ మూల మాత్రం ఊడ్వడం మానేశాను. చూసినవాళ్ళు బద్ధకమనుకుంటే అనుకోనీండి.

తొమ్మిదీ పదింటికి, ఇంకా నేల కాలనప్పుడు, కూకుడుగువ్వ వస్తుంది. ఇటుకరంగు మెడ, నలుపూ తెలుపూ చారల రెక్కలు, తల మీద విసనకర్రలా విప్పుకునే కిరీటం. దాని ముక్కు దబ్బనంలా పొడుగ్గా, కాస్త వంగి ఉంటుంది. దాంతో మెత్తటి మట్టిలో పొడుచుకుంటూ పోయి లోపలున్న పురుగుని లాగుతుంది. ఎరువుగుంట పక్కన నేను బెండ, గోంగూర కోసం తవ్విన మడి ఉందే, అదే దాని భోజనాల బల్ల.

పిచ్చుకల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఫోటోలన్నీ వాటి పేరునే కాబట్టి. బియ్యం నూకలు వేస్తే చాలు, పిచ్చుకలు బతికేస్తాయనుకుంటాం. పెద్ద పిచ్చుకలు గింజలు తింటాయి, నిజమే. గూట్లో కళ్ళు తెరవని పిల్లలకి మాత్రం మెత్తటి పురుగులే కావాలి. మన పిల్లలకి ఆరో నెల దాకా అన్నం పెడతామా? ఇదీ అంతే. గొంగళిపురుగులూ మిడతపిల్లలూ దొరకని చోట పిచ్చుక గూడు కట్టొచ్చు, గుడ్లు పెట్టొచ్చు, పిల్ల మాత్రం నిలవదు. ఇంకో సంగతి, పిచ్చుకలకి నీళ్ళ స్నానం ఎంతో మట్టి స్నానమూ అంతే. బండ పక్కన ఎండిన మెత్తటి మట్టిలో గుంటలు చేసుకుని, రెక్కలు టపటపలాడిస్తూ దుమ్ము పోసుకుంటాయి. ఈకల్లో చేరిన పురుగూ పుట్రా వదిలించుకునే పద్ధతి అది. నాపరాయి మీద ఆ పని ఎలా చేస్తాయి?

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పెరట్లో చప్పుడుండదు. పక్షులకి చెమట పట్టదు కదా, నోరు తెరిచి గొంతు అదిలిస్తూ లోపలి వేడి బయటికి పంపుకోవాలి. జామచెట్టు నీడలో కాకి ముక్కు తెరుచుకుని కూర్చుంటే చూడ్డానికే దప్పికవుతుంది. ఆ వేళలో మూకుట్లో నీళ్ళు నిజంగానే ప్రాణం పోస్తాయి. ఆ వేడిలో కూడా ఆగకుండా కూసేది కోకిల ఒక్కటే. కవులు దానికి ఎంత పేరు తెచ్చారో గాని, ఆ కూత మగదానిది. కాకి గూట్లో గుడ్డు పెట్టే పని ఆడదానిది, చుక్కల చుక్కల గోధుమరంగు పిట్ట, ఎవరి కంటా పడదు. కాకులు గూళ్ళు కట్టే రోజులు, కోకిలలు కూసే రోజులు ఒకటే కావడం ఉత్తపుణ్యాన జరిగింది కాదు.

తేనెపిట్ట ఈ ఏడు వెనక వరండాలో బట్టల తీగకే గూడు కట్టింది. ఆడది ఒక్కతే కట్టింది, మగది మెరిసే మెడ వేసుకుని పక్కన కూర్చుని పాడాడు. (ఇక్కడ నేనేమీ అనను.) సంచీలా వేలాడే ఆ గూట్లో ఎండుగడ్డి, బెరడు ముక్కలు, చెత్త అన్నీ ఉంటాయి. అన్నిటినీ కలిపి పట్టి ఉంచేది సాలెపట్టు. టైలర్ పిట్ట మందారాకుల్ని సంచీలా కుట్టడానికి వాడేదీ దాన్నే, దానికి తోడు పత్తిపోగులు. పండక్కి పండక్కి బూజు దులపడం మనకి పరువు సమస్య. లోపల దులపండి, కాదనను. వెనక వరండా మూలల్లో కాస్త వదిలేస్తే ఆ పిట్టలకి సిమెంటు దొరుకుతుంది.

ఆ గూట్లో పిల్లలు పుట్టాక మా బావగారి అమ్మాయి, తొమ్మిదేళ్ళది, నోటుబుక్కు పెట్టుకుని వరండాలో కూర్చుంది. తల్లి గంటలో ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టింది. ఒక గంటలో పదిహేడు. "పిన్నీ, ప్రతిసారీ నోట్లో ఏదో పురుగుంది, తేనె కాదు" అంది. అదే సంగతి. తేనెపిట్ట అని పేరేగాని పిల్లలకి పెట్టేది ఎక్కువగా చిన్న పురుగులూ సాలీళ్ళే. ఆ పిల్లకి నేనేమీ పాఠం చెప్పలేదు. చెప్పి ఉంటే మర్నాడు వచ్చి కూర్చునేది కాదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. నీళ్ళ మూకుడు చలివేంద్రం లాంటిది. చలివేంద్రం పెట్టడం పుణ్యమే, కానీ పెట్టినవాళ్ళే వెనక పొయ్యి ఆర్పేసి వంటిల్లు తాళం వేస్తే? మట్టీ, ఎండుటాకూ, ఎరువుగుంటా ఆ పిట్టలకి వంటిల్లు. దాన్ని కప్పేసి, గట్టు మీద నీళ్ళు పెట్టి, ఫోటో తీసి పంపడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు పాము. మొన్న కనపడ్డది జెర్రిపోతు. మా ఊళ్ళో దానికీ నాగుపాముకీ జత కుదురుస్తారు గాని అది ఉత్త మాట, రెండూ వేరు వేరు జాతులు. జెర్రిపోతుకి విషం లేదు. అది వచ్చింది ఎలకల కోసం. మా గింజల గది పెరటి వైపే ఉంది, బస్తాల దగ్గర ఎలకలున్నంతకాలం రాయి పరిచినా సరే పాములు వస్తాయి. అసలు భయపడాల్సింది కట్లపాముకి. అది రాత్రిపూట తిరుగుతుంది, ఇళ్ళలోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్ళని నిద్రలోనే కాటేస్తుంది. దానికి గచ్చు అడ్డం కాదు. పైగా పరిచిన రాళ్ళ కింద మట్టి దిగబడి సందులు పడితే ఎలకలకి అంతకంటే మంచి ఇల్లుండదు. మేం చేసింది చెప్తాను. గింజల గది తలుపు కింద రేకు కొట్టించాం. కట్టెల మోపు ఇంటి గోడకి దూరంగా జరిపాం. పెరట్లో లైటు వేయించాం. పిల్లలు కింద పడుకోవడం మాన్పించి మంచాల మీదకి ఎక్కించాం, దోమతెర పరుపు కిందికి దోపాం. ఒకవేళ కాటు పడితే తాడు కట్టడాలు, కోయడాలు, పసర్లు ఏవీ వద్దు, కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికే తీసుకెళ్ళాలని పిల్లలతో సహా అందరికీ చెప్పాం. మా ముంగిస ఎలాగూ సాయంత్రం నాలుగింటికి గోడ పక్కన డ్యూటీ చేస్తూనే ఉంది. దాన్ని నమ్ముకుని పడుకోమని నేననను గాని, అది ఉండటం మాత్రం నాకిష్టం.

దోమలు మట్టిలో పుట్టవు, నిలిచిన నీళ్ళలో పుడతాయి. కాబట్టి మూకుట్లో నీళ్ళు రోజూ పారబోసి, తోమి, మళ్ళీ పోయాలి. లోతు తక్కువుండాలి, లోపల ఓ రెండు గులకరాళ్ళు వేస్తే తేనెటీగలు మునిగిపోకుండా తాగుతాయి. పిల్లి పొంచి కూర్చునే పొద పక్కన పెట్టకూడదు. ఇంతే, దీనికి పెద్ద శాస్త్రం లేదు.

వేడి సంగతి బావగారికి నేనే చెప్పాను. "బావగారూ, రాత్రి భోజనాలయ్యాక మీరు మంచం ఎక్కడ వేసుకుంటున్నారండీ?" అని అడిగాను. వేపచెట్టు కింద. నీళ్ళు చల్లిన మట్టి మీద. ముందు వాకిట్లో పదేళ్ళ కిందట పరిచిన రాళ్ళున్నాయి, అక్కడ ఎవరూ వేసుకోరు. పగలంతా కాగిన రాయి రాత్రి పదింటి దాకా సెగ వదులుతూనే ఉంటుంది, ఎన్ని బిందెలు పోసినా ఆవిరి తప్ప చల్లదనం రాదు. వానొస్తే ఆ నీళ్ళు వీధి కాలవలోకి పోతాయి, పెరట్లో పడ్డ వాన మాత్రం అక్కడే ఇంకుతుంది. ఆయన నవ్వి "సరేలేమ్మా, ఆలోచిద్దాం" అన్నారు. మా ఇంట్లో మగవాళ్ళ "ఆలోచిద్దాం"కి రెండు అర్థాలున్నాయి, ఇది ఏదో అప్పటికి తెలియలేదు.

చెట్టు దగ్గర మాత్రం నేను గట్టిగానే ఉన్నాను. 2018లో ఆంధ్రప్రదేశ్ వేపని రాష్ట్రవృక్షంగా, రామచిలుకని రాష్ట్రపక్షిగా ప్రకటించింది. పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి. ఈ రెండు పిట్టలకీ ఒక పోలిక ఉంది, రెండూ ఎక్కువగా పాత చెట్ల తొర్రల్లో గుడ్లు పెడతాయి. తొర్ర పడాలంటే చెట్టుకి వయసు రావాలి. పక్కన పది మొక్కలు నాటుతాంలే అంటే వాటికి తొర్ర పడేసరికి మన మనవళ్ళకి పెళ్ళిళ్ళవుతాయి. మా వేపకి పడమటి కొమ్మలో ఓ తొర్ర ఉంది. మొన్న ఏప్రిల్ దాకా చిలకలున్నాయి, దాని కింది తొర్రలో చిన్న గుడ్లగూబల జంట ఉంటోంది. గుడ్లగూబ ఇంటి మీద అరిస్తే అశుభమంటారు. రాత్రంతా ఎలకపిల్లల్నీ పురుగుల్నీ పట్టి తినే పిట్ట మనకి చేసే అశుభమేమిటో నాకు తెలియదు. (చిలకల మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. రామచిలుకని పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రపక్షి అని గర్వపడుతూనే వరండాలో పంజరం వేలాడదీసిన ఇళ్ళు నేనెరుగుదును.)

జూన్లో వేపపళ్ళు రాలతాయి, జిగురు, ఈగలు, అదొక నరకం, ఒప్పుకుంటాను. గోరింకలు, పికిలిపిట్టలు, రాత్రిళ్ళు గబ్బిలాలు, అన్నిటికీ అవి పండగ, నాకు మాత్రం చీపురు. కానీ చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద, ఇళ్ళ నడుమనే, ఏటా కొంగలు వందల్లో గూళ్ళు పెడతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ అంతే, అక్కడ గూడబాతులు కూడా. ఆ రెట్టలు, ఆ చేపల కంపు ఎలా ఉంటాయో ఊహించుకోండి. పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారని ఆ ఊళ్ళకి పేరు. వాటితో పోలిస్తే నా వేపపళ్ళెంత?

అన్నిటికంటే నాకు కష్టంగా అనిపించింది అత్తయ్య పడిపోవడం. అక్కడ నాకు వాదన లేదు. ముసలిప్రాణం, ఇంకోసారి పడితే లేవలేరు. పిట్టల కోసం ఆవిణ్ణి బురదలో నడిపించేంత వెర్రి నాకు లేదు. అయితే ఆవిడ నడిచేది ఎక్కడెక్కడ? వెనక తలుపు నుంచి బండ దాకా, బండ నుంచి బాత్రూం దాకా. మా ఆయన, నేను టేపుతో కొలిస్తే మొత్తం నలభై రెండడుగులు. అంత మేర మూడడుగుల వెడల్పుతో బాట వేస్తే చాలు. దానికి నున్నటి రాయి కాదు, గరుకు రాయి కావాలి. తడిసిన నాపరాయి మీద జారినంతగా మట్టిలో కూడా జారం. బాట పక్కన పట్టుకోవడానికి ఇనుప పైపు. అసలు ఆవిడ పడ్డ రోజున ఆ పైపు ఉండుంటే సరిపోయేది.

అత్తయ్యనే అడిగాం చివరికి. ఇంత చర్చలోనూ ఆవిణ్ణి ఒక్కరూ అడగలేదు, అదో విచిత్రం. ఆవిడ వక్క నములుతూ, "బాట ఏపిచ్చండయ్యా, మంచిదే. చెట్టు జోలికి మాత్రం పోబాకండి, అది మీ నాయన నాటింది" అన్నారు. నేను పదిహేను రోజులుగా పోగుచేసిన వాదనలన్నీ ఒక్క ముక్కలో అయిపోయాయి. బావగారు మారుమాట్లాడలేదు. ఆయన కూతురు మాత్రం "నాన్నా, మరి గడ్డి మూల?" అని ఇంకో బేరం పెట్టింది. ఎరువుగుంట దానిచోట అది, చెట్టు కింద ఊడ్వని మూల దానిచోట అది ఉండేటట్టు కుదిరింది.

రాయి మొన్న శుక్రవారం దిగింది. ట్రాక్టరు లోడు ముందే చెప్పేశారట, బాటకి పోను సగానికి పైన మిగిలేట్టుంది. వాపసు తీసుకోనంటున్నాడు. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికైనా నాపరాళ్ళు కావాలంటే చెప్పండి, కొన్న ధరకే ఇచ్చేస్తాం. గోడకి ఆనించి పెట్టామంటే వానలు పడేలోపు వాటి సందుల్లో ఎలకలు కాపురం పెట్టేస్తాయి.